దగ్గరి చోటు ఎవరిది

బోరోస్,
సెప్టెంబర్ 19

ప్రియమైన ఆల్వర్ మామయ్యా,

ఫోన్‌లో నీకు మా అమ్మ గొంతు తప్ప ఎవరి గొంతూ వినపడదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఈ ఉత్తరం సంగతి అమ్మకి చెప్పకు. ఎందుకో చివర్లో రాస్తాను. ముందే రాస్తే నువ్వు మిగతాది చదవవు.

నాకు నిద్ర పట్టడం లేదు. కళ్ళు మూస్తే ర్యాకులు నడుస్తున్నాయి. మా గిడ్డంగిలో అవి నిజంగానే నడుస్తాయి, నువ్వు చూడలేదు కదా. కాళ్ళపీట ఎత్తున్న రోబో ఒకటి తాబేలులా పాకుతూ వచ్చి, మనిషి కంటే ఎత్తైన ర్యాక్ కిందికి దూరి, దాన్ని వీపు మీదికి ఎత్తుకుని, కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషి ముందుకి తెస్తుంది. ఆ మనిషి కావలసిన వస్తువు తీసి పెట్టెలో వేస్తారు. తర్వాత ఆ ర్యాక్‌ని మళ్ళీ ఎక్కడో దింపాలి. ఆ ‘ఎక్కడో’ అన్నదే నా ఉద్యోగం. తెచ్చిన చోటే దింపక్కర్లేదు. కౌంటర్లకి దగ్గరి చోట్లు కొన్నే ఉంటాయి. రోజూ అడిగేవి అక్కడుండాలి, ఏడాదికోసారి అడిగేవి ఆ చివర గోడ పక్కనుండాలి. చెప్పుకోవడానికి శాస్త్రమంతా ఇంతే.

ఆగస్టులో కొత్త ప్రోగ్రాం పెట్టాం. తనంతట తనే నేర్చుకుంటుంది. ఏ ర్యాక్ కౌంటర్ల దగ్గర ఎక్కువసేపు గడిపితే దానికి అంత గిరాకీ అని లెక్కేసి, రాత్రికి రాత్రి దాన్ని ముందుకి జరుపుతుంది. మొదటి వారం బాగానే ఉంది. ఇప్పుడు ముందు వరసలో ఏమున్నాయో తెలుసా? ముసలివాళ్ళ ఉన్ని లోదుస్తులు, చొక్కాలకి వేసుకునే మోచేతి అతుకులు, ఎప్పుడో ఎవరో కొనే ఆవపువ్వు రంగు కర్టెన్ల కొక్కేలు. చలికోట్లూ పిల్లల బూట్లూ గోడ దగ్గర. రోబోలు హాలు ఆ చివరికీ ఈ చివరికీ తిరిగి తిరిగి మధ్యలో ఛార్జింగ్‌కి పోతున్నాయి. నేను చేత్తో సరిదిద్దితే రెండు రోజుల్లో మళ్ళీ అదే కథ.

ఇక చివర్లో రాస్తానన్నది. మా హాల్లో పొద్దుటి షిఫ్ట్ వాళ్ళు లారీల సరుకు దించి సర్దుతారు, సాయంత్రం షిఫ్ట్ వాళ్ళు ఆర్డర్లు తీస్తారు. మా హాలు అధికారి మోర్టెన్ నన్ను పిలిచి మెత్తగా చెప్పాడు. క్రిస్మస్ ముందు వచ్చే ఆడ్వెంట్ మొదటి ఆదివారం నాటికి ఆర్డర్లు వేళకి బయటపడకపోతే, సాయంత్రం షిఫ్ట్ ఎత్తేసి ఆ పనంతా డెన్మార్క్‌లో ఉన్న హాలుకి ఇచ్చేస్తారట. అమ్మది సాయంత్రం షిఫ్ట్. పింఛనుకి ఇంకా నాలుగేళ్ళుంది. ఆ వయసులో ఆమెని ఎవరు పెట్టుకుంటారు?

అమ్మకి చెప్పలేదు. చెప్పలేను కూడా. ఆ ప్రోగ్రాం పెట్టించింది నేనే.

నువ్వు పోస్టులో సరుకు పంపే ఆ పాత హాల్లో ముప్పై ఏళ్ళు సరుకు సర్దించావు. ఏమైనా చెప్పు.

హెడ్డా


లీసెకిల్,
సెప్టెంబర్ 27

హెడ్డా తల్లీ,

నీ ఉత్తరం అందిన రోజున ఇక్కడ గాలికి పక్కింటివాళ్ళ చెత్తబుట్ట మా మెట్ల మీదికి వచ్చి కూర్చుంది. దాన్ని దింపొచ్చి, నీ ఉత్తరం రెండోసారి చదివి, బయట రేవు మీద కాసేపు తిరిగి, మళ్ళీ చదివాను. నువ్వు ఎందుకు నిద్రపోవడం లేదో నాకు అర్థమైంది. ఇప్పుడు నేనూ పోవడం లేదు.

నేను బడిలో చదివింది తక్కువని నీకు తెలుసు. తర్వాత చదివిందంతా లైబ్రరీలో, అదీ వాన పడ్డప్పుడు. బోరోస్‌లో వానకేం తక్కువ? ఆ లెక్కన నేను ప్రొఫెసర్ని కావాలి. వానంటే గుర్తొచ్చింది. మా హాల్లో బెర్తిల్ అని ఒక మేస్త్రీ ఉండేవాడు. ఏ అర ముందు జనం ఎక్కువసార్లు ఆగితే ఆ సరుకు ద్వారానికి దగ్గరగా పెట్టాలని అతని సిద్ధాంతం. ఒక ఏడాది గొడుగులు ద్వారం దగ్గరికి వచ్చేశాయి. కొనేవాడు లేడు, గొడుగులేమో తరుగుతున్నాయి. ఇంటికెళ్ళేటప్పుడు మేమే తలా ఒకటి పట్టుకుపోయేవాళ్ళం, పొద్దున్న కొందరం తెచ్చి పెట్టేవాళ్ళం. బెర్తిల్ ‘చూశారా గిరాకీ’ అని ఇంకా దగ్గరికి జరిపించాడు. చివరికి గొడుగు తీయడానికి లోపలికి కూడా రానక్కర్లేకపోయింది. మంచివాడు పాపం, ఎద్దులాంటి మెడ. వాళ్ళావిడ చేపల వంటకం గురించి ఇంకోసారి రాస్తాను.

నా సలహా ఇది. చుట్టాలని చుట్టాల పక్కన పెట్టు. బూట్లు కొన్నవాడు మేజోళ్ళు కొంటాడు. కోటు కొన్నవాడు చేతితొడుగులు కొంటాడు. రెండూ ఒకే ర్యాక్‌లో ఉంటే నీ తాబేలు రెండుసార్లు తిరగక్కర్లేదు. మా కాలంలో దీంతోనే నెగ్గుకొచ్చాం.

మీ అమ్మకి చెప్పను. కానీ ఆమె ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. ఆమె దగ్గర నోరు మూసుకోవడం నా వల్ల ఎప్పుడూ కాలేదు. అయినా ప్రయత్నిస్తాను.

ఆల్వర్


బోరోస్,
అక్టోబర్ 15

మామయ్యా,

నీ సలహా పాటించాను. ఆ సాయంత్రం హాల్లో జరిగింది చూసి ఉంటే నువ్వు మళ్ళీ చెత్తబుట్టల దగ్గరికే పోయేవాడివి.

చలి మొదలైంది, అందరికీ ఒకేసారి బూట్లూ మేజోళ్ళూ కావాలి. అన్నీ ఒకే ర్యాక్‌లో ఉన్నాయి. ఆరు కౌంటర్లూ అదే ర్యాక్‌ని పిలిచాయి. ర్యాక్ ఒక్కటే కదా, ఒక కౌంటర్ దగ్గరుంటే మిగతా అయిదూ కాచుకుని కూర్చోవాలి. దాని వెనక రోబోలు బారులు తీరి దారి మూసుకుపోయింది. మీ కాలంలో అరలు కదిలేవి కాదు, మనుషులు కదిలేవారు. నలుగురు ఒకే అర ముందు నిలబడి తలా ఒకటి తీసుకోవచ్చు. నాకు ఇది ముందే తట్టాల్సింది. మర్నాడే బూట్లని పది ర్యాకుల్లోకి చెల్లాచెదరు చేయించాను. ఆ గొడవ తగ్గింది. అసలు గొడవ తగ్గలేదు. ఉన్ని లోదుస్తులు మళ్ళీ ముందు వరసలోకి వచ్చాయి.

నిన్న సాయంత్రం షిఫ్ట్ మొదలైన దగ్గర్నుంచి అమ్మ కౌంటర్ పక్కనే నిలబడ్డాను. కళ్ళతో చూస్తే ఏమైనా దొరుకుతుందేమోనని. అమ్మ ఊరుకుంటుందా?

“ఏం, పైన గదిలో కుర్చీ విరిగిందా?” అంది.

“చూడ్డానికి వచ్చాను.”

“చూడు. నీ తాబేలు నాకు పొద్దుగూకేలోపు మూడుసార్లు ఈ కొక్కేలే చూపించింది. ఈ దేశంలో కర్టెన్లు లేని ఇల్లు ఇక లేదనుకుంటా.”

పక్క కౌంటర్ రైయా నీకు గుర్తుండే ఉంటుంది, ఫిన్లాండ్ నుంచి బట్టల మిల్లులో పనికి వచ్చినావిడ. ఆమె రోజుకి నాలుగు మాటలు మాట్లాడుతుంది. నిన్న ఒకటి నాకు ఖర్చు పెట్టింది. “దూరం,” అంది, గోడవైపు గడ్డం ఎగరేసి.

“దేనికి దూరం?” అన్నాను.

“ఆవిడకి ఇవాళ్టి కోటా అయిపోయింది,” అంది అమ్మ. “కోట్లు రావడానికి అరగంట పడుతోందని ఆవిడ బాధ. ఇదిగో, గంట కొట్టారు. పద పైకి, యాలకుల బన్‌లు చేసి తెచ్చాను. ఫీకా వేళకి కింద నిలబడేవాళ్ళు ఇద్దరే. ఒకరు దయ్యం, రెండోవాళ్ళు డేనిష్‌వాళ్ళు.”

అందరం పైకి వెళ్ళి ఫీకాకి కూర్చున్నాం. కాఫీ తాగాం, బన్‌లు తిన్నాం. మోర్టెన్ కూడా వచ్చి మూడు బన్‌లు తిన్నాడు. అమ్మ అతన్ని “తిను, తిను, బక్కగా ఉన్నావు” అంటూంటే నేను సగం బన్ కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. తిరిగొచ్చాక షిఫ్ట్ అయ్యేదాకా నిలబడ్డాను. ఏమీ దొరకలేదు. అందరూ చకచకా పని చేస్తున్నారు, తప్పు ఎక్కడా లేదు, ఆర్డర్లు మాత్రం ఆలస్యం.

అమ్మకి చెప్పలేదు కదా?

హెడ్డా


లీసెకిల్,
అక్టోబర్ 28

హెడ్డా తల్లీ,

చెప్పేశాను.

ఎలా జరిగిందో విను. ఆదివారం ఆమె ఫోన్ చేసింది. నీ సంగతి రాకూడదని హెర్రింగ్ చేపల గురించి మొదలుపెట్టాను. ఈ ఏడు పట్టు ఎలా ఉంది, ఉప్పులో ఎన్నాళ్ళు ఊరాలి, ఆవాల ముద్ద మంచిదా మెంతి మంచిదా అని సాగదీశాను. మా ఊళ్ళో వాళ్ళు హెర్రింగ్‌లో మెంతి వెయ్యరని నాకు మాట్లాడుతుండగానే తెలుస్తోంది, అయినా ఆపలేకపోయాను. చివరికి అంది: “అన్నయ్యా, నువ్వు చేపల మీద ఇంతసేపు మాట్లాడావంటే ఏదో దాస్తున్నావు. ఎవరు పోయారు?”

“ఎవరూ పోలేదు,” అన్నాను.

“మరి ఎవరు పోబోతున్నారు?”

ఇంకేం చెయ్యను? డెన్మార్క్ సంగతి చెప్పాను, ఆడ్వెంట్ గడువు చెప్పాను. “హెడ్డాకి ఎప్పట్నుంచి తెలుసు?” అంది. సెప్టెంబర్ అన్నాను. “సెప్టెంబర్,” అని ఫోన్ పెట్టేసింది. మీ అమ్మ సివ్ నా మీద అరిచి పెట్టేయడం నాకు అలవాటే. అరవకుండా పెట్టేయడం ఇదే మొదటిసారి. ఆ తర్వాత నేను చేస్తే ఎత్తడం లేదు.

సలహా విషయంలో నువ్వు రాసింది నిజం. కాళ్ళున్నది ఎవరికో చూసుకోకుండా చెప్పాను. ఇక సలహాలు చెప్పను. రేవు మీద ఇటూ అటూ తిరుగుతున్నాను, అంతే. పడవలు బాగుచేసే అతను నిన్న “ఏమైనా పోగొట్టుకున్నావా?” అని అడిగాడు.

ఆల్వర్


బోరోస్,
నవంబర్ 14

మామయ్యా,

నీ మీద కోపం లేదు. కోపానికి తీరిక లేదు.

అమ్మ మర్నాడే సాయంత్రం షిఫ్ట్‌లో అందరికీ చెప్పేసింది. వాళ్ళు గొడవ చెయ్యలేదు, మోర్టెన్ దగ్గరికి వెళ్ళలేదు. మనవాళ్ళ సంగతి తెలుసుగా. తమలో తాము మాట్లాడుకుని, ఎవరికీ చెప్పకుండా, ఫీకా మానేశారు. గంట కొట్టినా ఒక్కరూ పైకి వెళ్ళలేదు. శాండ్‌విచ్ ముక్క జేబులో పెట్టుకుని, ర్యాక్ వచ్చేలోపు కొరికి, పనిచేశారు. ఎనిమిది రోజులు.

అమ్మ నాతో మాట్లాడటం లేదు. కౌంటర్ దగ్గరికి వెళ్తే “ఇంజనీర్ గారికి ఏం కావాలో?” అంటుంది. ఈ దేశంలో మోర్టెన్‌నే ఎవరూ ‘గారు’ అనరు.

విచిత్రం ఏమిటంటే, లెక్క కుదిరింది. రెండో రోజు నుంచే. లోదుస్తులు వెనక్కి పోయాయి, కోట్లు ముందుకొచ్చాయి, ఆర్డర్లన్నీ వేళకి బయటపడ్డాయి. నేను సంతోషిద్దామనుకునేలోపు మూడో రోజు ఒక ఆరడుగుల మనిషి కౌంటర్ దగ్గర టేపు తెగిందని ఏడ్చాడు. ఆరో రోజు రైయా కళ్ళు తిరిగి ర్యాక్ పట్టుకుని కిందికి జారింది. యూనియన్ వాళ్ళు వచ్చారు. విరామం లేకుండా షిఫ్ట్ నడపడం చట్టవిరుద్ధమన్నారు. సరైన మాటే.

మోర్టెన్ నన్ను పిలిచాడు. అతనికి కూడా బాధగానే ఉంది. “హెడ్డా, వాళ్ళే నిరూపించారు,” అన్నాడు. “విరామం లేకపోతే లెక్క కుదురుతుంది, ఉంటే కుదరదు. లేకుండా నడపడానికి వీల్లేదు. డెన్మార్క్‌లో వంతులవారీగా విరామానికి వెళ్తారు, పని ఆగదు. నేను పైవాళ్ళకి ఏం చెప్పను?”

అంటే షిఫ్ట్‌ని కాపాడదామని వాళ్ళు చేసిన పనే షిఫ్ట్‌కి వ్యతిరేకంగా సాక్ష్యమైంది. ఇది అమ్మకి ఎవరు చెప్పాలి?

ఆ గదిలోంచి బయటికొచ్చి అలవాటు కొద్దీ పైకి, ఫీకా గదికి వెళ్ళాను. ఖాళీ. నేనొక్కదాన్నే కాఫీ పోసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆ కిటికీలోంచి హాలు కనపడుతుంది. మామయ్యా, నేను ఆ హాల్లో ఆరేళ్ళుగా ఉన్నాను. ఫీకా వేళ హాలు ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఎవరూ చూడలేదు. అందరం బల్లల చుట్టూ కూర్చుని ఉంటాం.

కింద వీళ్ళు పనిచేస్తుంటే అనుకున్నాను, మామూలు రోజైతే ఇప్పుడక్కడ ఏముంటుంది అని. మనుషులు ఉండరు. ర్యాకులు ఉంటాయి. ఎవరి కౌంటర్ ముందు ఏది వచ్చి ఆగిందో అది, దాని వెనక వరసలో ఉన్నవీ, వీళ్ళు కాఫీ తాగి వచ్చేదాకా అలాగే నిలబడి ఉంటాయి. ప్రోగ్రాం ఏం లెక్కేస్తుంది? కౌంటర్ దగ్గర ఎంతసేపు ఉన్నదీ. మామూలుగా ర్యాక్ రెప్పపాటు నిలబడి పోతుంది. ఈ ర్యాక్ అరగంట నిలబడింది. అబ్బో, దీనికెంత గిరాకీ అనుకుని రాత్రి దాన్ని ముందు వరసకి తెస్తుంది.

మరి ఎప్పుడూ ఆ పనికిరాని ర్యాకులే ఎందుకు నిలబడ్డాయి? అది కూడా మన పద్ధతే. ఫీకాకి కాసేపు ముందు పెద్ద ఆర్డర్ ఎవరు మొదలుపెడతారు? అందరూ చిన్న ఆర్డర్ మీట నొక్కుతారు. ఒక కొక్కేల పొట్లం, ఒక జత అతుకులు. అవి వచ్చేసరికి గంట కొడతారు. వెళ్ళిపోతారు. నేనైనా అదే చేస్తాను.

ప్రోగ్రాం రాసినవాళ్ళు లూండ్‌లో ఉంటారు, మనవాళ్ళే. ఆ సాయంత్రమే ఫోన్ చేసి అడిగాను. పరీక్షించినప్పుడు కౌంటర్ల దగ్గర మనుషుల బదులు మరబొమ్మలు పెట్టారట. విరామం సంగతి ఎందుకు రాయలేదంటే, అది రాయాల్సిన విషయమని ఎవరికీ తోచలేదన్నారు. ఊపిరి పీలుస్తారని రాస్తామా అన్నారు.

దిద్దుబాటు చిన్నది. మనిషి లేని కౌంటర్ దగ్గర గడిచిన సేపు లెక్కలోకి రాకూడదు. రాసేశాను. మోర్టెన్‌కి చెప్పాను. అతను నమ్మాలంటే వాళ్ళు మామూలుగా ఫీకాకి వెళ్ళాలి, ఆ సాయంత్రమూ మర్నాడూ లెక్క కుదరాలి. ఆడ్వెంట్ లోపు దానికి ఒక్క అవకాశం ఇస్తానన్నాడు.

కానీ వాళ్ళు కదలడం లేదు. యూనియన్ చెప్పినా, గంట కొట్టినా, కౌంటర్ దగ్గరే కాళ్ళు మార్చుకుంటూ నిలబడుతున్నారు. పని చేయనివ్వకపోతే ఊరికే నిలబడుతున్నారు. వెళ్ళమన్నవాళ్ళని చూస్తే వాళ్ళకి ఇప్పుడు అనుమానం. మొదటి అనుమానం నా మీద.

హెడ్డా


లీసెకిల్,
నవంబర్ 19

హెడ్డా,

సలహాలు చెప్పనన్నాను, చెప్పడం లేదు. ఒక సంగతి మాత్రం రాస్తాను, నువ్వేం చేసుకుంటావో నీ ఇష్టం.

మీ అమ్మకి తొమ్మిదేళ్ళప్పుడు పన్ను పీకించాల్సి వచ్చింది. మా నాన్న ‘నొప్పి ఉండదు’ అన్నాడు. దంతవైద్యుడు కూడా ‘నొప్పి ఉండదు’ అన్నాడు. సివ్ కుర్చీ చేతులు పట్టుకుని నోరు తెరవలేదు. గంట గడిచింది. వెనక జనం గొణుగుతున్నారు. అప్పుడు అక్కడ నేల తుడిచే ఆవిడ వచ్చి, ‘నొప్పి ఉంటుంది, బాగా ఉంటుంది, తర్వాత తగ్గుతుంది’ అంది. సివ్ నోరు తెరిచింది. ఆ డాక్టర్ అప్పటికే రెండు సిగరెట్లు కాల్చేశాడు. ఆ రోజుల్లో అలా లోపలే కాల్చేవాళ్ళు, పళ్ళ మీద పొగ ఊదుతూ. అది వేరే కథ.

ఈ నెల్లో మా ఊరికి ఒక్క బస్సు కూడా వేళకి రాలేదు. లేకపోతే నేనే వచ్చి ఆ కౌంటర్ల దగ్గర నిలబడేవాణ్ణి. ఏం ప్రయోజనం ఉండేదో తెలియదు గానీ, కాళ్ళు ఊరుకోవడం లేదు.

ఆల్వర్


బోరోస్,
నవంబర్ 29

మామయ్యా,

ముందు అసలు సంగతి. షిఫ్ట్ ఉంటుంది. ఇవాళ మధ్యాహ్నం మోర్టెన్ అందరి ముందూ చెప్పాడు. డెన్మార్క్‌కి ఏమీ వెళ్ళదు. రేపే ఆడ్వెంట్.

ఇప్పుడు ఎలా జరిగిందో.

సోమవారం పరీక్ష పెట్టాం. మోర్టెన్ కిందికి వచ్చి స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతను అక్కడ ఉండకుండా ఉంటే బాగుండేది, కానీ అతను చూడాలి కదా. గంట కొట్టారు. ఒక్కరూ కదల్లేదు. కౌంటర్ల ముందు ర్యాకులు, ర్యాకుల ముందు మనుషులు. నేను అమ్మ దగ్గరికి వెళ్ళాను.

“అమ్మా, పైకి వెళ్ళు.”

“ఎందుకు?”

“మీరు వెళ్తేనే నా దిద్దుబాటు పనిచేసిందో లేదో తెలుస్తుంది.”

“ఓహో. పనిచేయకపోతే?”

పనిచేస్తుందమ్మా అనబోయాను. నోటిదాకా వచ్చింది. ఆగాను.

“పనిచేయకపోతే ఈ సాయంత్రమే ఆఖరి సాక్ష్యం అవుతుంది. మీ అందరి ఉద్యోగాలూ పోతాయి. నీది కూడా. తప్పు నాది అవుతుంది. పనిచేస్తుందని నాకు నమ్మకం, కానీ ముందు ఆ ప్రోగ్రాంని కూడా ఇలాగే నమ్మాను.”

అమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

“ఈ మాట సెప్టెంబర్‌లో చెప్పాల్సింది,” అంది.

“అవును.”

“చెప్పి ఉంటే నేనేం చేసేదాన్నో తెలుసా?”

“తెలీదు.”

“నాకూ తెలీదు. కానీ ఇద్దరం కలిసి నిద్రపోకుండా ఉండేవాళ్ళం.”

చేతితొడుగులు తీసి కౌంటర్ మీద పెట్టింది. “రైయా, పద. కూర్చుంటే పోయేది ఉద్యోగమే. నిలబడితే నడుం కూడా పోతుంది.” రైయా కదిలింది. తర్వాత ఆ ఆరడుగుల అతను. తర్వాత అందరూ, ఎవరి మొహం ఎవరూ చూసుకోకుండా, మెట్లెక్కి వెళ్ళిపోయారు.

నేను కిందే ఉన్నాను. నేనూ మోర్టెన్. ఆరు కౌంటర్ల దగ్గర ఆరు దీపాలు ఆరిపోయాయి. రోబోలు ర్యాకులని వీపు మీద పెట్టుకుని, ఎవరో తిరిగొస్తారని తెలిసినట్టు నిలబడిపోయాయి. పైనుంచి కప్పుల చప్పుడు, ఎవరిదో నవ్వు. “ఇంత నిశ్శబ్దంగా ఉంటుందా?” అన్నాడు మోర్టెన్. అతను తొమ్మిదేళ్ళుగా అధికారి.

రాత్రి ప్రోగ్రాం ర్యాకులని జరుపుతుంటే నేను తెర ముందు కూర్చున్నాను. ఆ ఆరింటిలో ఒక్కటీ ముందుకి రాలేదు. మర్నాడు కోట్లు ముందే ఉన్నాయి. ఆ మర్నాడూ. వారమంతా ఫీకాకి వెళ్ళారు, వారమంతా ఆర్డర్లు వేళకి వెళ్ళాయి. మోర్టెన్ పైవాళ్ళకి ఏం రాశాడో నాకు చూపించలేదు. చూడాలని లేదు కూడా.

సోమవారం సంగతి ఇంకొకటి రాయాలి. ఫీకా అయ్యి అందరూ దిగి వస్తుంటే అమ్మ చేతిలో కాగితం కప్పు ఉంది. హాల్లోకి తడి వస్తువు తేకూడదని గోడల నిండా రాసి ఉంటుంది. రోబోల మీద ఒక్క చుక్క పడితే మొత్తం ఆపాలి. అమ్మ ఆ రాతల కిందినుంచే నడుచుకుంటూ వచ్చి, స్తంభం పక్కన నా ముందు ఆగింది. మోర్టెన్ తల తిప్పుకుని పైకప్పు దీపాలని చాలా శ్రద్ధగా చూశాడు.

“తాగు,” అంది. “ఒక్క ఫీకా ఎగ్గొట్టినందుకే మొహం ఎలా అయిందో చూసుకో. మేం నెల్లాళ్ళు ఎగ్గొట్టాం.”

రెండు చేతులతో పట్టుకుని, ఒక్క చుక్క కింద పడకుండా, అక్కడే నిలబడి తాగాను. అయ్యేదాకా అమ్మ పక్కనే ఉంది. తర్వాత ఖాళీ కప్పు తీసుకుని, మడిచి తన జేబులో పెట్టుకుని, కౌంటర్ దగ్గరికి వెళ్ళిపోయింది.

హెడ్డా